అమ్మ తాగుతున్న డాండీలియన్ కషాయం

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. అమ్మా నాన్నా మార్చిలో గుంటూరు నుంచి వచ్చారు. ఆరు నెలలుంటారు. అమ్మకు 63 ఏళ్లు. బీపీకి టెల్మా 40, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంది. బయల్దేరే ముందు చేయించిన స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని వచ్చింది. గాల్‌బ్లాడర్‌లో 8 మిల్లీమీటర్ల రాయి కూడా ఉందట. నొప్పి లేదు కాబట్టి డాక్టరుగారు ఇప్పుడేం చేయక్కర్లేదన్నారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4. ఇక్కడికొచ్చాక అమ్మ ఒక వీడియో చూసింది. మా పెరటి నిండా పూసిన పసుపు పూల మొక్క డాండీలియన్ అనీ, అది లివర్‌ను కడిగేస్తుందనీ, దాని వేరు క్యాన్సర్ కణాలను 48 గంటల్లో చంపేస్తుందనీ అందులో చెప్పారు. 'ఇది మన గడ్డి చామంతే కదే' అంటూ మూడు వారాలుగా ఆకూ వేరూ కలిపి మరిగించి రోజుకు మూడు కప్పులు తాగుతోంది. పక్కింటి ఇటాలియన్ మామ్మ కూడా ఈ ఆకు తింటానని చెప్పేసరికి అమ్మకు మరీ నమ్మకం కుదిరింది. నాన్నకు గుండె వాల్వ్ మార్చారు, రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ వేసుకుంటారు. ఆయనకూ పోయబోతే నేను అడ్డుపడ్డాను. 'నీకు అన్నీ అనుమానాలే' అంది అమ్మ. ఇందులో నిజంగా ఔషధ గుణాలున్నాయా? క్యాప్సూల్స్ అయితే మేలా? తన చెల్లికి పంపడానికని రెండు డబ్బాలు ఆర్డర్ కూడా పెట్టించింది. పెరట్లో మొక్కల్ని ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు చెప్పాల్సింది చెప్పేసి తర్వాత కబుర్లలోకి వెళతాను. మీ అమ్మగారు ఆ కషాయం ఈ పూట నుంచే మానేయాలి. నాన్నగారికి పోయకుండా ఆపి మంచి పని చేశారు. క్యాప్సూల్ డబ్బాలు సీలు విప్పకుండా వెనక్కి పంపేయండి. మొక్క చెడ్డదని కాదు నేనిలా చెప్పడం. 'నొప్పి లేదు' అంటూ మీరు ఒక్క ముక్కలో దాటేసిన రాయి ఒకటి, అంకె మాత్రం రాసి ఊరుకున్న క్రియాటినిన్ ఒకటి. ఉత్తరం చదువుతుంటే నాకు గుచ్చుకున్నవి ఆ రెండే.

రాయి సంగతి ముందు చూద్దాం. చేదు నాలుకకు తగలగానే నోట్లో నీరూరుతుంది, కడుపులో రసాలు కదులుతాయి, పైత్యరసం పారుతుంది. యూరప్ పల్లెల్లో వందల ఏళ్లుగా డాండీలియన్ వాడుతున్నది ఇందుకే. ఆకలి పుట్టడానికి భోజనానికి ముందు, పొట్ట బరువు దిగడానికి భోజనం తర్వాత తీసుకునేవారు. రాయి లేని మనిషికి దానివల్ల ఇబ్బంది లేదు. రాయి ఉన్న గాల్‌బ్లాడర్ ముడుచుకున్నప్పుడు మాత్రం ఆ రాయి జరిగి సన్నటి గొట్టం మూతికి అడ్డం పడొచ్చు. నెయ్యి వేసిన పెసరట్టు తిన్నా గాల్‌బ్లాడర్ ముడుచుకుంటుంది కదా, కషాయం ఒక్కటే ఏం పాపం చేసిందంటారేమో. నిజమే. కానీ పెసరట్టు పైత్యాన్ని పారించే మందని ఎవరూ రోజుకు మూడుసార్లు తినరు. నిద్రపోతున్న రాయిని పనిగట్టుకుని తట్టి లేపడం దేనికి?

ఇది నా సొంత భయమేమీ కాదు. యూరప్ దేశాల మందుల నియంత్రణ సంస్థ ఈఎంఏ డాండీలియన్ మీద ఒక పత్రం వెలువరించింది. అజీర్తి లాంటి చిన్న ఇబ్బందులకు, మూత్రం సాఫీగా రావడానికి సంప్రదాయ మందుగా దీన్ని వాడుకోవచ్చని ఒప్పుకుంటూనే, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, పైత్యనాళాల్లో అడ్డంకి, కడుపులో అల్సర్, లివర్ జబ్బులు ఉన్నవాళ్లు వాడకూడదని అందులో చెప్పారు. ఆఖరి మాట ఇంకోసారి చదవండి. లివర్ బాగుపడాలని మీ అమ్మగారు తాగుతున్నదాన్ని లివర్ జబ్బున్నవాళ్లు తాగొద్దంటున్నారు. ఆ వీడియోలో ఈ ముక్క ఉండి ఉండదు.

ఇక క్రియాటినిన్. 1.4 అంటే 'కాస్త ఎక్కువ' అనుకుని ఊరుకున్నట్టున్నారు. అదే అంకె కండ పట్టిన పాతికేళ్ల కుర్రాడికి వస్తే ఒక అర్థం, 63 ఏళ్ల ఆడమనిషికి వస్తే వేరే అర్థం. వయసును బట్టి లెక్క వేస్తే మీ అమ్మగారి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడకడుతున్నాయో చెప్పే అంకె, 42 దగ్గర తేలుతుంది. కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది సాధారణంగా 90 పైన ఉంటుంది. 45 కన్నా తగ్గితే మెట్‌ఫార్మిన్ కొనసాగించాలా, మోతాదు తగ్గించాలా అని డాక్టరు మళ్లీ ఆలోచించాల్సిన పరిస్థితి. కాబట్టి డాండీలియన్ గొడవ ఎలా ఉన్నా, ఈ ఒక్క విషయం గుంటూరు డాక్టరుగారికి ఫోన్ చేసి అడగండి. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు.

టెల్మా బీపీ తగ్గిస్తూనే ఒంట్లో పొటాషియం బయటికి పోకుండా కొంత ఆపుతుంది. కిడ్నీలు బాగున్నంతకాలం ఇదో సమస్య కాదు. అవి నీరసించినప్పుడు, దాని మీద పొటాషియం ఉన్న కషాయం రోజుకు మూడు కప్పులు పోస్తే? నిజాయతీగా లెక్క చెబుతాను. 100 గ్రాముల పచ్చి డాండీలియన్ ఆకులో సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పాలకూరలో 550 పైన. అరటిపండులో 360. అంటే గుప్పెడు ఆకు చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు. ఎండబెట్టినప్పుడూ, పిండి సారం తీసినప్పుడూ అదంతా చిక్కబడుతుంది. రోజూ తాగడం అలవాటైతే పోగుపడుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు దీన్ని మందుగా తీసుకోవద్దని ఈఎంఏ చెప్పడానికి కారణం ఈ పొటాషియమే. రక్తంలో పొటాషియం పెరిగితే ముందుగా ఏ సూచనా ఉండకపోవచ్చు. తెలిసేసరికి గుండె లయ తప్పుతుంది. ఈ వారంలోనే ఒకసారి పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించండి. మూడు వారాలు ఏం తాగారో, ఎంత తాగారో దాచకుండా చెప్పండి. మనవాళ్లు 'ఆకే కదా' అని డాక్టరు దగ్గర చెప్పరు. ముప్పై ఏళ్లు ఫార్మసీ పిల్లలకు పాఠాలు చెప్పిన నేను కూడా మా ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో.

కడుపు కుడివైపు పైభాగంలో, పక్కటెముకల కింద నొప్పి పుట్టి వీపులోకో భుజంలోకో పాకినా, చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా తెల్లవారేదాకా ఆగకండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పెద్దవాళ్లకు తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం కూడా ఇవాళే ఒకసారి తీసి చదవండి. పాత జబ్బులకు చాలావాటిలో వర్తించదు. బిల్లు చూసి గుండె ఆగిన కొడుకులు, అల్లుళ్లు నాకు తెలుసు.

టెన్షన్ పెట్టే మాటలు ఇక్కడితో అయిపోయాయి. ఇప్పుడు మొక్క దగ్గరికి వద్దాం. నాకు అది ఇష్టమైన మొక్క.

ముందుగా, అది మన గడ్డి చామంతి కాదు. మీ అమ్మగారు అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. రెండూ ఒకే పెద్ద కుటుంబానివి. రెండిటి గింజలూ గొడుగు పట్టుకుని గాలికి ఎగురుతాయి. చిన్నప్పుడు పలక నల్లగా రావాలని ఆకు నలిపి రుద్దేవాళ్లం కదా, పలకాకు అనేవాళ్లు, ఆ మొక్క మన గడ్డి చామంతి. దాని పువ్వుకు నడుమ పసుపు, చుట్టూ పాలిపోయిన తెల్లటి రేకలు ఉంటాయి. ఆకులు కాండం పొడవునా నూగుతో గరుగ్గా ఉంటాయి. మీ పెరట్లోది అలా కాదు. వంగి ఒకటి చూడండి. ఆకులన్నీ నేలను కరుచుకుని చక్రంలా పరుచుకుంటాయి. మధ్యలోంచి ఒక్కో కాడ లేస్తుంది. దానికి ఆకు ఉండదు, కొమ్మ ఉండదు, కొసన ఒక్కటే పువ్వు, అంతా పసుపే. కాడ తుంచితే లోపల బోలుగా గొట్టంలా ఉంటుంది, చివరన తెల్లటి పాలు బొట్టుకడతాయి. ఆ పాలు వేలికి అంటితే కాసేపటికి గోధుమరంగు మరక పడుతుంది, సబ్బుతో కడిగినా వెంటనే పోదు. ఆకు అంచులు రంపంలా వెనక్కి తిరిగి ఉంటాయి. ఫ్రెంచివాళ్లు ఆ అంచుల్ని చూసే సింహం పన్ను అన్నారు. డాన్ ద లియోఁ అన్న ఆ మాటే ఇంగ్లిష్ నోట్లో డాండీలియన్ అయింది.

అదే ఫ్రెంచివాళ్లు దీనికి పెట్టుకున్న రెండో పేరు ఇంకా బాగుంటుంది. పిసాన్‌లీ. పక్క తడిపేది అని అర్థం. మూత్రం ఎక్కువ వస్తుందని పల్లెజనానికి ఎప్పుడో తెలుసన్నమాట. మూత్రం సాఫీగా తెస్తుందన్న పేరు మన గలిజేరుకూ ఉంది.

ఇది మన తెలుగు నేల మీద మొలిచే మొక్క కాదు, దీనికి చలి కావాలి. మన దేశంలో కాశ్మీర్‌లో దొరుకుతుంది. అక్కడ హంద్ అంటారు, కూరగా వండుకుంటారు, బాలింతలకు పెడతారు. అమెరికాకు దీన్ని యూరప్ నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చుకున్నారు. ఇవాళ మీ కాలనీలో అందరూ మందు కొట్టి చంపుతున్న మొక్క ఒకప్పుడు ఎవరో అమ్మమ్మ కూరకోసం మోసుకొచ్చిన విత్తనం. మీ పక్కింటి ఇటాలియన్ మామ్మ ఆకు తింటాననడంలో వింతేమీ లేదు. ఆవిడకు అది తోటకూర.

మరి ఔషధ గుణాలున్నాయా అన్నారు. మొక్కలో శరీరం మీద ఏదో ఒక పని చేసే పదార్థాలు ఉన్నాయా అంటే దండిగా ఉన్నాయి. ఆ చేదుకు కారణం సెస్క్వీటెర్పీన్ లాక్టోన్లు. మన పొలం గట్ల మీద వయ్యారిభామ తగిలితే చేతులు దద్దుర్లెక్కి దురద పెడతాయి చూడండి, దాన్లో ఉన్నదీ ఇదే జాతి పదార్థం. అందుకే వయ్యారిభామ పడనివాళ్లకు, చామంతి తాకితే తుమ్ములు వచ్చేవాళ్లకు డాండీలియన్ కూడా పడకపోవచ్చు. వేరు తవ్వాక మీ అమ్మగారి చేతులు దురద పెట్టాయేమో అడగండి.

ఆకుల్లో లూటియోలిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు, చికోరిక్ ఆమ్లం, క్లోరోజెనిక్ ఆమ్లం ఉంటాయి. క్లోరోజెనిక్ ఆమ్లం మీ అమ్మగారు పొద్దున్నే తాగే కాఫీలోనూ ఉంటుంది. పరీక్షనాళికలో పెట్టి చూస్తే ఇవి వాపును పుట్టించే రసాయనాలను తగ్గిస్తాయి, ఆక్సీకరణను అడ్డుకుంటాయి. వేరులో టారాక్సాస్టెరాల్ అని మరొకటి ఉంది, దాని మీదా ఇలాంటి ప్రయోగాలే ఎక్కువ. పువ్వుకు ఆ పసుపు రంగునిచ్చే, ఆకులోనూ ఉండే కెరోటినాయిడ్లలో కంటికి మంచిదనే లూటీన్ ఉంటుంది.

నాకు మాత్రం వీటన్నిటికన్నా ముచ్చటైనది వేరులో ఉండే ఇన్యులిన్. అది పిండి లాంటిదే కానీ మన పేగులు దాన్ని అరిగించలేవు. కింద పెద్దపేగులో ఉండే మంచి సూక్ష్మజీవులకు అదే భోజనం. మొక్క దాన్ని చలికాలం గడపడానికి దాచుకుంటుంది. అందువల్ల ఆకురాలు కాలంలో తవ్విన ఎండు వేరులో 40 శాతం దాకా ఉండే ఇన్యులిన్, వసంతంలో తవ్వితే 2 శాతానికి పడిపోతుంది. మంచు కరిగాక కొత్త ఆకులు తొడగడానికి మొక్క ఆ దాపుడంతా ఖర్చు పెట్టేస్తుంది మరి. మీ అమ్మగారు తవ్వింది వసంతంలో. ఆవిడ గిన్నెలో మరిగినదాంట్లో ఇన్యులిన్ పెద్దగా ఉండి ఉండదు. ఒకే మొక్క, ఒకే పెరడు, ఆరు నెలల తేడాలో లోపలి సరుకు ఇంత మారిపోతుంది. 'డాండీలియన్ వేరు మంచిది' అనే మాటలో ఏ నెల వేరో ఎవరూ చెప్పరు. శరదృతువులో తవ్వి ముదురు రంగు వచ్చేదాకా వేయించి పొడికొడితే కాఫీ లాంటి వాసన వస్తుంది. కాఫీ గింజలు దొరకని కరువు రోజుల్లో యూరప్‌లో అదే తాగారు. కెఫీన్ ఉండదు. కొందరికి కడుపు ఉబ్బుతుంది, ఇన్యులిన్ పులిసి గ్యాస్ పుట్టడం వల్ల.

ఇన్ని పదార్థాలున్నాయి కదా, మరి మందుగా ఎందుకు పనికిరాదు? వీడియోల తిరకాసంతా ఇక్కడే ఉంది. '48 గంటల్లో' అన్న మాట ఎక్కడిదో చెబుతాను. కెనడాలోని విండ్సర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు డాండీలియన్ వేరు సారాన్ని పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద పోసి చూశారు. 48 గంటల్లో 95 శాతం పైగా కణాలు చచ్చాయి. మామూలు కణాలకు అంత హాని కాలేదు. ఎలుకలకు నోటితో పట్టిస్తే వాటిలో నాటిన కణితుల పెరుగుదల 90 శాతానికి పైగా మందగించింది. 2016లో ప్రచురించారు. అబద్ధం కాదు, మంచి పరిశోధన. అయితే ఆ కణాలు గాజు పాత్రలో ఉన్నాయి. సారం వాటి మీద నేరుగా పడింది. మనిషి తాగితే అది కడుపు యాసిడ్ దాటాలి, పేగు గోడ దాటాలి, లివర్‌లో పడి రూపు మారాలి, ఆ తర్వాత మిగిలిన చారెడు సారం రక్తమంతటా పలచబడి కణితి దాకా చేరాలి. లూటియోలిన్‌నే తీసుకోండి, పేగు దాటేటప్పుడే శరీరం దానికి వేరే తోకలు తగిలించి బయటికి పంపే ఏర్పాటు మొదలుపెడుతుంది. గాజు పాత్రలో క్యాన్సర్ కణాలను చంపే పదార్థాలు వేలల్లో ఉన్నాయి. వాటిలో మందుల షాపుకు చేరినవి చాలా కొద్ది.

లివర్ కథా అంతే. కొవ్వు దట్టించిన మేత పెట్టిన ఎలుకలకు డాండీలియన్ ఆకు సారం ఇస్తే లివర్‌లో కొవ్వు తగ్గిందని కొరియా శాస్త్రవేత్తలు 2013లో చూపించారు. ఫ్యాటీ లివర్ ఉన్న మనుషులకు ఇచ్చి తగ్గిందని తేల్చిన గట్టి పరీక్ష లేదు. 'కడిగేయడం' అనే మాటకు అసలు అర్థమే లేదు. లివర్ గిన్నె కాదు, అడుగంటిన కొవ్వును కషాయం పోసి తోమడానికి.

మనుషుల మీద చేసిన పరీక్ష ఒకటి చెబుతాను, మీ అమ్మగారికి ఇది నచ్చుతుంది. 2009లో 17 మంది ఆరోగ్యవంతులకు ఆకు సారం ఒక్కరోజు మూడు మోతాదులు ఇచ్చి, ఎన్నిసార్లు, ఎంత మూత్రం పోశారో లెక్కపెట్టారు. మొదటి మోతాదు తర్వాత ఐదు గంటల్లో ఎక్కువసార్లు వెళ్లారు. రెండో మోతాదు తర్వాత తాగిన నీళ్లతో పోలిస్తే పోసిన మూత్రం పాలు పెరిగింది. మూడో మోతాదుకు తేడా కనిపించలేదు. ఆ పల్లెటూరి పేరు ఉత్తినే రాలేదన్నమాట. కానీ 17 మంది, ఒక్కరోజు, పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. దాని మీద మీ అమ్మగారి వైద్యం కట్టలేం. ఇంకో కోణం కూడా ఉంది. టెల్మా వేసుకుంటూ ఇది తాగితే బీపీ మరికాస్త పడిపోయి, అర్ధరాత్రి బాత్‌రూమ్‌కు లేచినప్పుడు కళ్లు తిరిగి పడితే తుంటి విరిగే వయసు ఆవిడది. మూత్రం ఎక్కువ పోతుంది కాబట్టే మానసిక జబ్బుకు లిథియం వాడేవాళ్లు కూడా దీని జోలికి పోకూడదు. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది.

అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీసీఐహెచ్ కూడా ఏ జబ్బుకైనా డాండీలియన్‌ను వైద్యంగా వాడటానికి నమ్మదగ్గ ఆధారం లేదనే చెబుతోంది. క్యాప్సూల్స్ అయితే మేలా అన్నారు. మేలు కాదు, ఇంకా చిక్కు. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం సప్లిమెంట్లను మందుల్లా ముందే పరీక్షించి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి తీసుకోనక్కర్లేదు. డబ్బా మీద 'లివర్ సపోర్ట్' అని రాసి, కింద చిన్న అక్షరాల్లో ఇది ఏ జబ్బునూ నయం చేయదని రాస్తారు. భూతద్దం పెట్టి మీ అమ్మగారి చేతే చదివించండి. మీరు చెప్పే వంద మాటలకన్నా అది బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు కూర సంగతి. మందుగా వద్దన్న ఆకును అన్నంలో తినొచ్చా అంటే, మీ అమ్మగారు వారానికోసారి పప్పులో గుప్పెడు వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. పొటాషియం రిపోర్టు వచ్చాక, డాక్టరు సరేనంటే. పోషకాల విషయంలో మంచి ఆకే: 100 గ్రాముల్లో కాల్షియం 187 మిల్లీగ్రాములు, ఇనుము 3 మిల్లీగ్రాములు. మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు నేనూ వండాను. పువ్వు విచ్చకముందే లేత ఆకు కోయాలి, పూశాక చేదు మింగలేం. మరిగే ఉప్పునీళ్లలో రెండు నిమిషాలు ఉంచి ఆ నీళ్లు వంపేస్తే చేదు సగం పోతుంది, పొటాషియమూ కొంత పోతుంది. తర్వాత కందిపప్పులో వేసి, చింతపండు కొంచెం ఎక్కువ పిండి, వెల్లుల్లి దండిగా వేసి పోపు పెట్టాను. మెంతికూరకూ కాకరకాయకూ మధ్య రుచి. మా మనవడు ఒక ముద్ద తిని పళ్లెం జరిపేశాడు. నేను రెండోసారి వడ్డించుకున్నాను.

మీ పెరటి ఆకు మాత్రం వద్దు. ఆ లాన్‌కు గతంలో ఏం చల్లారో కనుక్కోండి. డాండీలియన్‌ను చంపడానికే 2,4-డి లాంటి కలుపుమందులు ఎరువుతో కలిపి వసంతంలో చల్లుతారు, గడ్డి బతుకుతుంది, వెడల్పాకు మొక్కలు చస్తాయి. పక్కింటివాళ్లు చల్లినా గాలికి మీ వైపు రావచ్చు. కుక్కలు తిరిగే చోటు, రోడ్డు పక్క కూడా పనికిరాదు. కూరగాయల దుకాణాల్లో కట్టలు కట్టి అమ్ముతారు, అవి కొనుక్కోండి. ఒక్క హెచ్చరిక, దుకాణంలో ఆ పేరుతో చాలాసార్లు అమ్మేది దీని దగ్గరి బంధువైన చికోరీ ఆకు. తినడానికి తేడా పెద్దగా లేదు, చేదు దానికీ ఉంది.

మీ నాన్నగారి లెక్క వేరు. ఆయనకు కషాయం సంగతి అటుంచండి, ఆ పప్పు కూడా ఉన్నట్టుండి పెట్టొద్దు. ఎసిట్రోమ్ పనిచేసేదే విటమిన్ కె కు అడ్డుపడి రక్తం గడ్డకట్టకుండా చూడటం. ఒక కప్పు తరిగిన డాండీలియన్ ఆకులో విటమిన్ కె 430 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. మగవాళ్లకు రోజుకు కావాల్సింది 120. వాల్వ్ ఉన్న మనిషి ఒక ఆదివారం రెండు గరిటెలు లాగించి, మళ్లీ పది రోజులు ముట్టకపోతే రక్తం గడ్డకట్టే తీరును చెప్పే ఐఎన్ఆర్ పైకీ కిందికీ ఊగుతుంది. కింద పడితే వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం. ఆకుకూరలు మానేయమనడం లేదు. మన తోటకూర, పాలకూరలోనూ విటమిన్ కె దండిగానే ఉంది. గుంటూరులో వారానికి ఎన్నిసార్లు, ఎంత తినేవారో ఇక్కడా అంతే తినాలి. చాలామంది నాన్నలు అమెరికా వచ్చాక దొరకదని ఆకుకూర తగ్గించేస్తారు, దాంతో ఐఎన్ఆర్ పెరిగి చిగుళ్లలోంచి రక్తం వస్తుంది. ఆయనది చివరిసారి ఎప్పుడు చూపించారు?

మీ అమ్మగారితో ఎలా చెప్పాలో కూడా అడిగినట్టే కదా, 'నీకు అన్నీ అనుమానాలే' అన్న మాట రాశారంటే. ఆవిణ్ని వీడియో నమ్మే అమాయకురాలిలా చూడకండి. పరాయి దేశంలో, కారు లేక, మాట్లాడే మనిషి లేక, రోజంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న మనిషికి పెరట్లో తనకు తెలిసిన మొక్క ఒకటి కనిపించింది. మీరంతా ఆఫీసులకు పోయాక ఆ ఆకు కోసుకోవడం, కడుక్కోవడం, మరిగించుకోవడం ఆవిడకు ఒక పని. అది లాగేసుకుంటే ఆ ఖాళీలో ఇంకొకటి పెట్టాలి. ఫ్యాటీ లివర్‌కు నిజంగా పనిచేసే మందు బరువు తగ్గడమే. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా దిగుతుంది. 70 కిలోల మనిషికి 5 శాతమంటే మూడున్నర కిలోలు. తొందరపడి నెలలో పది కిలోలు తగ్గితే మాత్రం గాల్‌బ్లాడర్‌లో కొత్త రాళ్లు పుట్టొచ్చు, కాబట్టి నెమ్మదిగానే. సాయంత్రం మీరు రాగానే బూట్లు వేయించి అరగంట నడిపించండి. ఆ ఇటాలియన్ మామ్మను కూడా పిలవండి. భాష రాకపోయినా ఇద్దరికీ ఆకుల భాష వచ్చు.

రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించడం, పళ్ల రసాల సీసాలు ఇంట్లోకి రానీయకపోవడం, ఇవి మీ చేతిలో పని. రిపోర్టు కాగితం ముందు పెట్టి, రాయి ఎక్కడుందో వేలు పెట్టి చూపించి, 'ఇది కదిలితే నిన్ను ఆపరేషన్‌కు తీసుకెళ్లాలి అమ్మా' అనండి. శాస్త్రం చెప్పొద్దు.

చెల్లెలికి ఏ జబ్బుకని పంపుతున్నారో రాయలేదు. ఆవిడ మందుల చీటీ చూడకుండా నేను ఔననలేను.

ఆఖరికి పెరట్లో మొక్కలు. ఉండనిస్తే నష్టం లేదు. వసంతంలో తేనెటీగలకు దొరికే తొలి పూలలో అవీ ఉంటాయి. కాలనీవాళ్లు నోటీసు ఇస్తారని భయమైతే మందు చల్లకండి, చేత్తో పీకండి. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు, సన్నటి పొడవాటి గునపం లాంటిది ఆకుల చక్రం పక్కన నిలువుగా దించి, వేరు మొత్తం వచ్చేలా ఎత్తాలి. ముల్లంగిలా నిటారుగా దిగుతుంది అది. ఎండలో తొందరపడి లాగితే పైభాగం చేతికొస్తుంది, అడుగు భాగం నేలలోనే తెగుతుంది. మా అబ్బాయి పెరట్లో నేను అలాగే లాగాను. రెండు వారాలకు అదే గుంటలోంచి రెండు మొక్కలు లేచాయి. ఆ పని మీ అమ్మగారికి అప్పజెప్పండి, చేతికి గ్లవ్స్ ఇచ్చి, గింజల గొడుగులు విచ్చకముందే.